"హక్కులు పక్కన పెడితేనే ఎయిడ్స్ పోతుంది" అన్న మెసేజ్‌కు జవాబు

కొంతకాలంగా ఫ్యామిలీ గ్రూపుల్లోనూ పెళ్లి సంబంధాల గ్రూపుల్లోనూ ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: దేశంలో ఎయిడ్స్ ఇంకా పోకపోవడానికి కారణం మానవ హక్కుల సంఘాలేనట. పెళ్లికి ముందు హెచ్‌ఐవీ టెస్టు తప్పనిసరి చేయాలట. పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టాలి, వీలైతే విడిగా ఉంచాలి, క్యూబా అలా చేసే గెలిచింది అంటారు. గల్ఫ్ దేశాలు అందరికీ టెస్టు చేసి, ఉన్నవాళ్లను పంపించేస్తాయి కాబట్టి అక్కడ ఈ గొడవే లేదంటారు. తప్పు చేసినవాళ్లకు మన పన్నులతో ఫ్రీ మందులెందుకు, వాళ్లకు ఆపరేషన్లు చేసే డాక్టర్ల ప్రాణాలకు విలువ లేదా అని అడుగుతారు. చివర మామూలే, అందరికీ షేర్ చేయండి.

దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఆడపిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. 2021 ప్రభుత్వ అంచనాల ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న వయోజనుల శాతం ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. దేశ సగటు 0.21. భర్త ద్వారా వైరస్ సోకి, అతను పోయాక పిల్లలతో పుట్టింటికి చేరిన అమ్మాయిలు గుంటూరు, ప్రకాశం, తూర్పు గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలుసు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, మెసేజ్‌లో ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"పెళ్లికి ముందు టెస్టు కంపల్సరీ చేస్తే చాలు"

వినగానే సబబుగా అనిపించే మాట ఇదే. ఆలోచన కొత్తదీ కాదు. 2025లో మేఘాలయ ఆరోగ్య మంత్రి కూడా ఇలాంటి చట్టం పరిశీలిస్తున్నామన్నారు. అయితే ఇప్పటికే అమలు చేసి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 1988 జనవరి 1 నుంచి పెళ్లి లైసెన్సుకు హెచ్‌ఐవీ టెస్టు తప్పనిసరి చేసింది. మొదటి ఆరు నెలల్లో 70,846 మందికి పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది 8 మందికి. జంటలకు అయిన ఖర్చు దాదాపు 25 లక్షల డాలర్లు. రాష్ట్రంలో పెళ్లి లైసెన్సులు 22 శాతానికి పైగా పడిపోయాయి. చాలా జంటలు పక్క రాష్ట్రానికి వెళ్లి పెళ్లి చేసుకున్నాయి. 1989లో ఆ రాష్ట్రమే చట్టాన్ని రద్దు చేసింది. ప్రమాదం ఎక్కువున్నవాళ్లు ఆ లైన్లోకి రానేలేదు.

మన దగ్గరైతే ఇంకా కష్టం. వైరస్ సోకిన మొదటి కొన్ని వారాలు టెస్టులో నెగటివ్ వస్తుంది. దాన్నే విండో పీరియడ్ అంటారు. ఆ సమయంలో ఇచ్చిన సర్టిఫికెట్ అబద్ధపు ధైర్యం ఇస్తుంది. పైగా మన అమ్మాయిలకు సోకింది చాలావరకు పెళ్లయిన తర్వాత. చాలా ఇళ్లలో భర్తకు పెళ్లినాటికి వైరస్ ఉండి ఉండకపోవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి లారీ మీదో వలస పనిలోనో ఉన్నప్పుడు సోకి ఉండవచ్చు. పెళ్లి ముందు టెస్టు ఆమెను ఎలా కాపాడుతుంది? ఆమెను కాపాడేది కండోమ్ వాడమని అడగగలిగే చనువు, అతను భయపడకుండా వెళ్లి టెస్టు చేయించుకోగలిగే చోటు.

ఇక సర్టిఫికెట్ సంగతి. మామూలు మెడికల్ సర్టిఫికెట్లే ఎలా పుడతాయో మనకు తెలుసు. పెళ్లి ముహూర్తం ముంచుకొస్తున్నప్పుడు నెగటివ్ కాగితం అమ్మేవాడు ప్రతి సెంటర్లోనూ దొరుకుతాడు. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టు కేంద్రంలో, పాజిటివ్ అని చెప్పడానికి ముందు మూడు వేర్వేరు కిట్లతో పరీక్షిస్తారు, ఎందుకంటే ఒక్క కిట్‌తో చేసిన పరీక్ష తప్పు చూపించే అవకాశం ఉంది. హడావుడిగా బయట ల్యాబుకు వెళ్తే ఆ జాగ్రత్త దొరుకుతుందన్న నమ్మకం లేదు. నిశ్చితార్థం అయ్యాక పెళ్లి ఆగిపోతే ఊరంతా కారణం వెతుకుతుంది. పొరపాటు రిపోర్టు వచ్చింది అమ్మాయికైతే, వారం తర్వాత సరైన రిపోర్టు తెచ్చి చూపించినా ఆ ముద్ర పోతుందా?

పెళ్లికి ముందు ఇద్దరూ ఇష్టపడి టెస్టు చేయించుకోవడం చాలా మంచి పని, చేయించుకోండి. ఐసీటీసీలో పైసా అడగరు. గర్భిణులకు ఇప్పటికే అడిగి టెస్టు చేస్తున్నారు. దాదాపు అందరూ ఒప్పుకుంటారు, ఎందుకంటే బిడ్డకు సోకకుండా మందు అక్కడే ఇస్తారని కౌన్సెలర్ కూర్చోబెట్టి చెబుతారు.

"భార్యకు కూడా చెప్పకుండా దాచమంటోంది ఆ హక్కుల చట్టం"

ఇది పూర్తిగా అబద్ధం. 2017లో పార్లమెంటు చేసిన, 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టాన్ని ఈ మెసేజ్ రాసినవారు చదవలేదు. ఆ చట్టం ప్రకారం డాక్టరో కౌన్సెలరో భాగస్వామికి విషయం చెప్పవచ్చు. ఎప్పుడంటే, భాగస్వామికి ప్రమాదం గట్టిగా ఉందని నమ్మినప్పుడు, మీరే చెప్పండని కౌన్సెలింగ్ ఇచ్చినా ఆ వ్యక్తి చెప్పనప్పుడు, నేను చెప్పబోతున్నానని ముందుగా అతనికి తెలియజేసి. భాగస్వామికి కూడా ఫోన్లోనో చీటీలోనో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ ఇస్తూ చెప్పాలి. వైరస్ ఇతరులకు సోకకుండా జాగ్రత్త పడాల్సిన బాధ్యతను పాజిటివ్ వ్యక్తి మీద కూడా ఆ చట్టమే పెట్టింది.

ఒక మినహాయింపు ఉంది. విషయం చెబితే ఆ వ్యక్తిని, ముఖ్యంగా మహిళను, కొడతారనో ఇంట్లోంచి గెంటేస్తారనో గట్టి అనుమానం ఉంటే చెప్పకూడదు. ప్రసవానికి ముందు టెస్టులో మొదట బయటపడేది చాలా ఇళ్లలో భార్య పేరే. ఆమెకు తెచ్చింది భర్తే అయినా, "నువ్వే తెచ్చావు" అనే అత్తగారి మాట ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మినహాయింపు ఆమె కోసం పెట్టింది. ఆడపిల్లల మీద ప్రేమతో ఈ మెసేజ్ పంపుతున్నవాళ్లు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవాలి.

"పేర్లు బయటపెట్టాలి, విడిగా ఉంచాలి, క్యూబా అలాగే గెలిచింది"

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ దగ్గర ఒక పూట నిలబడితే ఈ మాటకు జవాబు కళ్లముందే కనిపిస్తుంది. నెలకు సరిపడా మాత్రలు ప్లాస్టిక్ బాటిల్లో ఇస్తారు. బయటికి రాగానే కొందరు ముందు చేసే పని బాటిల్ మీద లేబుల్ చింపేయడం. ఇంకొందరు మాత్రలు తీసి కవర్లో పోసుకుని బాటిల్ అక్కడే పారేస్తారు, బస్సులో మాత్రలు గలగలమంటే పక్కవాళ్లు అడుగుతారని. సొంత జిల్లాలో సెంటర్ ఉన్నా పక్క జిల్లాకు వెళ్లి పేరు రాయించుకునేవాళ్లున్నారు, పాపం బస్సు ఛార్జీ, ఒకరోజు కూలీ పోయినా సరే. పేరు బయటపడని ఈ రోజుల్లోనే ఇంత భయం ఉంది. రేపు బోర్డు మీద పేర్లు రాస్తారంటే ఈ మనుషుల్లో ఎంతమంది వస్తారు? రాకపోతే మాత్రలు ఆగిపోతాయి, ఒంట్లో వైరస్ పెరుగుతుంది, ఇంకొకరికి సోకే అవకాశం పెరుగుతుంది. బోర్డు వల్ల లాభపడేది వైరస్ ఒక్కటే.

మనుషుల్ని బంధించడం మన దేశంలోనూ చేసి చూశారు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు తరచూ రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలోనే అతనికి హెచ్‌ఐవీ ఉందని తేలింది. గోవా ప్రజారోగ్య చట్టం కింద పోలీసులు తీసుకెళ్లి, ఒకప్పటి టీబీ శానిటోరియంలో 64 రోజులు బంధించారు. అతని తల్లి లూసీ డిసౌజా బాంబే హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ చట్టాన్ని తప్పుపట్టలేదు. బయటికొచ్చాక డొమినిక్ ఇంట్లో ముడుచుకుని కూర్చోలేదు. తనలాంటివాళ్లకు తోడుగా పాజిటివ్ పీపుల్ అనే సంస్థ పెట్టడంలో ముందు నిలిచాడు. 1992లో చనిపోయాడు. అడగకుండా రక్తం ఇస్తూ వచ్చిన మనిషిని పోలీసులు జీపెక్కించారని తెలిశాక, ఏదో అనుమానం ఉన్న ఇంకొకడు తనంతట తాను టెస్టుకు వెళ్తాడా?

క్యూబా సంగతి సగమే చెబుతున్నారు. 1986 నుంచి శానిటోరియాల్లో పాజిటివ్ వ్యక్తుల్ని నిర్బంధంగా ఉంచిన మాట నిజం. అక్కడ హెచ్‌ఐవీ తక్కువగా ఉన్న మాటా నిజమే. కానీ అది చిన్న ద్వీపం. ఆ రోజుల్లో బయటి రాకపోకలు తక్కువ. ప్రతి వీధికీ ఒక డాక్టరు, ప్రతి ఒక్కరికీ ఉచిత వైద్యం ఉన్న దేశం. 1993లో తప్పనిసరి నిర్బంధం ఎత్తేశారు. ఆ తర్వాత కూడా ప్రపంచంలో హెచ్‌ఐవీ తక్కువగా ఉన్న దేశాల్లోనే క్యూబా ఉంది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ సోకడాన్ని అరికట్టిన మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో క్యూబాను గుర్తించింది, అంటే తాళాలు తీసిన 22 ఏళ్లకు. ఆ గెలుపు గర్భిణుల వైద్యానిది.

నిర్బంధం అసలెప్పుడూ కూడదని హక్కుల వాళ్లంటారని మెసేజ్‌లో ఉంది. అదీ తప్పే. దానం చేసిన ప్రతి రక్తం సంచినీ పరీక్షించి తీరాల్సిందే, దానికి ఎవరూ అడ్డుపడలేదు. ప్రజారోగ్యం కోసం హక్కులను ఎప్పుడు, ఎంతవరకు తగ్గించవచ్చో 1984లోనే సిరకూసా సూత్రాలు అనే అంతర్జాతీయ పత్రంలో రాసుకున్నారు. చట్టం ఉండాలి, నిజంగా అవసరం ఉండాలి, అంతకంటే తక్కువ నిర్బంధంతో పని జరిగే దారి లేకపోవాలి. గాలిలో వ్యాపించే జబ్బుకు కొన్నాళ్లు విడిగా ఉండమనడం ఆ పరీక్షలో నిలబడవచ్చు. కలిసి తింటే, కలిసి పనిచేస్తే సోకని హెచ్‌ఐవీకి మనిషిని బతికినంత కాలం బంధించడం నిలబడదు.

భయపెట్టని దారిలో ఫలితం ఎలా ఉంటుందో కలకత్తాలోని రెడ్‌లైట్ ప్రాంతం సోనాగాచిలో తెలిసింది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడి సెక్స్ వర్కర్లతో పని మొదలుపెట్టారు. రైడ్లు, పునరావాసం పేరుతో కాదు. ఆ మహిళలకే శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి, సాటివాళ్లకు చెప్పే పని అప్పగించారు. పోలీసులు, గూండాల వేధింపుల మీద కలిసి నిలబడటం నేర్చుకున్నాక, "కండోమ్ లేకుండా కుదరదు" అని కస్టమర్‌కు చెప్పే బలం వచ్చింది. ముంబయి రెడ్‌లైట్ ప్రాంతాల్లో హెచ్‌ఐవీ విపరీతంగా పెరిగిన ఆ ఏళ్లలో సోనాగాచిలో అది చాలా తక్కువ దగ్గర ఆగింది. ఆ తర్వాత మన రాష్ట్రంలోనూ సాటి మహిళలే ఇంటింటికీ తిరిగి పనిచేసిన కార్యక్రమాలు ఆ బాటలోనే నడిచాయి.

"గల్ఫ్‌లో అందరికీ టెస్టు చేస్తారు, అందుకే అక్కడ లేదు"

జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లకు ఈ "మెడికల్" బాగా తెలుసు. అన్‌ఫిట్ అని తేలితే ప్రయాణం లేదు. అక్కడికి వెళ్లాక తేలితే తిరుగు విమానం. కారణం సరిగ్గా చెప్పకుండా, రిపోర్టు చేతికివ్వకుండా పంపించేసిన సందర్భాలను వలస కార్మికుల సంఘాలు ఎన్నో నమోదు చేశాయి. అలా వచ్చిన మనిషి తనకేమైందో తెలియకుండానే ఇంటికి చేరతాడు, భార్య దగ్గరికి చేరతాడు. వాళ్లు రోగాన్ని ఆపలేదు, మన ఊరికి పంపారు. 2010 తర్వాత ప్రపంచంలో కొత్త ఇన్ఫెక్షన్లు తగ్గుతూ వస్తుంటే, పెరిగిన కొద్ది ప్రాంతాల్లో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా కలిసిన ప్రాంతం ఒకటని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ చెబుతోంది. మన దేశంలో అదే కాలంలో 40 శాతానికి పైగా తగ్గాయి.

"తప్పు చేసినవాళ్లకు మన డబ్బుతో మందులెందుకు"

ఈ మాటకు చాలామంది "పసిపిల్లలు, ఇల్లాళ్లు ఏం తప్పు చేశారు" అని జవాబిస్తారు. నిజమే, కానీ నాకు ఆ జవాబు సరిపోదు. దాని వెనక, మిగతావాళ్లు చావాల్సినవాళ్లే అన్న ఒప్పుకోలు ఉంది. నేను అది ఒప్పుకోను. లారీ డ్రైవరుకూ, సెక్స్ వర్కర్‌కూ, సూదితో మత్తు ఎక్కించుకున్న కుర్రాడికీ ఆ మాత్ర మీద అంతే హక్కుంది. షుగరొచ్చినవాణ్ణి నువ్వేం తిన్నావని అడిగి ఇన్సులిన్ ఇవ్వం కదా.

లెక్కలు చూసేవాళ్లకు లెక్కే చెబుతాను. మన చెన్నై, పుణెలతో సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద జరిగిన అధ్యయనం ఫలితం 2011లో వచ్చింది. పాజిటివ్ భాగస్వామికి మందులు త్వరగా మొదలుపెడితే, రెండో భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. మాత్రలు రోజూ వేసుకుని, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గినవారి నుంచి శృంగారం ద్వారా వైరస్ సోకదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. అంటే ఆ డ్రైవరుకిచ్చే మాత్ర అతని భార్యకు రక్షణ, రేపు పుట్టబోయే బిడ్డకు రక్షణ. మీ పన్ను అక్కడికే వెళ్తోంది.

ఆ మాత్ర చవకైంది కూడా హక్కుల పోరాటం వల్లే. 2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాది మందుల ఖర్చు 10 వేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అవే మందులను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నారు. అదే ఏడాది, చవక మందులకు దారి తీసే చట్టం చేసినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 మందుల కంపెనీలు వేసిన కేసును ప్రపంచమంతా వ్యతిరేకించింది, ఏప్రిల్‌లో కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఆ ప్రభుత్వం కూడా మంచిదేం కాదు. అధ్యక్షుడు థాబో ఎంబెకీ హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న సంగతినే అనుమానించారు. బిడ్డకు సోకకుండా ఆపే నెవిరపిన్ మందును కొన్ని ఆసుపత్రులకే పరిమితం చేశారు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంఘం కోర్టుకు వెళ్లింది. రాజ్యాంగంలోని ఆరోగ్య హక్కు ప్రకారం ఆ మందు అందరికీ అందాలని 2002 జూలైలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. మందులు ఆలస్యం చేసినందువల్ల 2000 నుంచి 2005 వరకు 3.3 లక్షల మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు. హక్కులు అడ్డుపడటం వల్ల పోయిన ప్రాణాలు కావవి. ప్రభుత్వం హక్కుల్ని కాదన్నందువల్ల పోయినవి.

మన దేశంలో ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న 8 ఆసుపత్రుల్లో మొదలయ్యాయి. ఇప్పుడు రోజుకొక్క మాత్ర, అంతర్జాతీయ ధర ఏడాదికి 45 డాలర్ల లోపు. ఆఫ్రికా పల్లెల్లో వేసుకునే ఆ మాత్రల్లో కొన్నింటి ముడిసరుకు మన హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల హెటిరో, అరబిందో, లారస్ ఫ్యాక్టరీల్లో తయారవుతోంది. ప్రపంచంలో ఎయిడ్స్ మరణాలు 2004లో 20 లక్షల దాకా ఉండేవి, 2023కి దాదాపు 6.3 లక్షలకు దిగాయి. గొడవ పడి సాధించుకున్న మందులు చేసిన పని అది.

"ఈ హక్కులన్నీ విదేశీ సరుకు"

1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఐక్యరాజ్యసమితి స్థాపన సమావేశంలో ప్రపంచానికి ఒక ఆరోగ్య సంస్థ కావాలని పట్టుబట్టింది చైనా, బ్రెజిల్ ప్రతినిధులు. ఆ మరుసటి ఏడాది రాసుకున్న దాని రాజ్యాంగంలోనే, అందుకోగలిగినంత మంచి ఆరోగ్యం ప్రతి మనిషి ప్రాథమిక హక్కు అని ఉంది. సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలో "పురుషులందరూ" అని ఉన్నచోట "మానవులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. 1986లో ఆ ఆరోగ్య సంస్థలో ఎయిడ్స్ కార్యక్రమం మొదలుపెట్టిన జొనాథన్ మాన్ అంతకుముందు ఆఫ్రికాలోని జైర్‌లో (ఇప్పటి డీఆర్ కాంగో) పనిచేసి వచ్చినవాడు. ఎక్కడ మనుషుల్ని వెలివేస్తే అక్కడే వైరస్ పాతుకుంటుందని చూసి చెప్పాడు. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ పాజిటివ్ వ్యక్తుల పట్ల వివక్ష కూడదని తీర్మానించింది. అప్పటికి సరైన మందు ఇంకా లేదు. ఉన్న ఆయుధం అదొక్కటే.

"డాక్టర్ల ప్రాణాలకు విలువ లేదా"

ఉంది. అందుకే ఏ పేషెంటుకు ఏముందో తెలియనట్టే అనుకుని అందరి విషయంలోనూ ఒకే జాగ్రత్తలు తీసుకోవాలంటారు. టెస్టు నెగటివ్ వచ్చినా విండో పీరియడ్ ఉంది, టెస్టే చేయని జబ్బులూ ఉన్నాయి. పాజిటివ్ రక్తంతో ఉన్న సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు 0.3 శాతం. టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బి విషయంలో అది 30 శాతం దాకా ఉంటుంది. సూది గుచ్చుకున్నా 72 గంటల లోపు, వీలైతే రెండు గంటల్లోనే, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే సోకకుండా ఆపవచ్చు. ఆ మందు ప్రతి ఆసుపత్రిలో రాత్రి పూట కూడా సిబ్బందికి అందేలా ఉంచాలని అడగండి, నర్సుల కోసం, ఆయాల కోసం. పాజిటివ్ అని తెలిస్తే ఆపరేషన్ చేయరని భయం పెడితే పేషెంటు నిజం దాస్తాడు. అప్పుడు ప్రమాదం ఎవరికి?

పాజిటివ్ అన్న కారణంతో ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వైద్యం నిరాకరిస్తే 2017 చట్టం ప్రకారం అది నేరుగా ఫిర్యాదు చేయదగిన విషయం. 20 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో ఇందుకోసం ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి, ముందు ఆయన పేరు అడగండి. అక్కడ పని జరగకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ అనే అధికారికి రాయండి. 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, ప్రాణం మీదికొచ్చిన కేసైతే వీలైనంత వరకు 24 గంటల్లోనే. ఎటు వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం, పేరు చెప్పక్కర్లేదు.